పొద్దు మర్లిందని చెప్పినవాడు

భిక్షమయ్యగారు కాలం చేశారన్న వార్త నాకు బడిలో, నాలుగో తరగతి పిల్లల చేత పద్యం వల్లె వేయిస్తుండగా అందింది. వాళ్ల వాడకట్టు మనిషి ఒకాయన గుమ్మం బయట చెప్పులు విడిచి నిలబడి, "పంతులూ, మన మగ్గం భిక్షమయ్య పొయ్యిండు. నిన్ను జల్ది రమ్మంటున్నరు" అని చెప్పాడు. నేను పద్యం ఆపలేదు. మిగిలిన రెండు పాదాలూ చెప్పించాను. పిల్లలు నా ముఖం చూసి ఒక్కొక్కరే గొంతు తగ్గించి ఊరుకున్నారు. చివరికి ఆ గదిలో నా గొంతు ఒక్కటే మిగిలింది.

ఆత్మీయుడు పోయాడని తెలిసిన క్షణాన మనిషికి దుఃఖం రావాలి. నాకు ముందు వచ్చింది లెక్క. సంక్రాంతికి ఇంకా ఎన్ని రోజులుందని వేళ్లు మడిచి చూసుకున్నాను. పదహారు రోజులు. మడిచిన ఆ వేళ్లను చూసుకొని సిగ్గుపడ్డాను, ఆ తరవాత భయపడ్డాను. ఎందుకు భయపడ్డానో చెప్పడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఆయన్ని ఎరిగినవాళ్లు ఈ జిల్లాలో చాలామంది ఉన్నారు. చౌటుప్పల్ చుట్టుపక్కల పల్లెల్లో ఆయన నేసిన చీర కట్టని ఇల్లు అరుదు. కానీ పదిహేనేళ్లుగా ఆయన మీద ఒక నింద ఉంది. కన్నతల్లికి చివరి ఘడియలో అబద్ధం చెప్పాడని. ఆ నిందను ఊరి నోట పెట్టింది నేను.

ఆయన ఆజానుబాహువు కాదు, గంభీరమూర్తి అంతకన్నా కాదు. పొట్టి మనిషి. గుంట మగ్గంలో కాళ్లు దించి కూచుంటే తలా భుజాలూ మాత్రమే పైకి కనిపించేవి. మాట నెమ్మది, చూపు సూటి, నవ్వితే మాత్రం వాడకంతా వినిపించేది. నేను మంత్రం చదివితే "పంతులు రాగమందుకున్నడు" అని ఆటపట్టించేవాడు. వయసులో నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. అయినా మొదట్లో నేను ఆయన్ని "భిక్షమయ్యా, నువ్వు" అనే పిలిచేవాణ్ణి. పౌరోహిత్యం చేసే మా ఇళ్లలో అది అలవాటు. ఆ అలవాటుకు నేను ఈనాటికీ సిగ్గుపడుతున్నాను.

ఆ ఇంటి తూర్పు గోడకు చూరు కింద పిడికెడంత కన్నం ఒకటుంది. ఇల్లు కట్టినప్పుడు ఆయన తాత పెట్టించాడట. పొద్దు పొడవగానే ఆ కన్నంలోంచి వచ్చే వెలుగు ఎదురుగా పడమటి గోడ మీద అరచేతంత పడుతుంది. ఏడాది పొడుగునా అదే గుంటలో అదే పలక మీద కూచునే మనిషికి ఆ వెలుగు కదలిక తెలియకుండా ఉండదు. దసరా దాటిన దగ్గర నుంచి అది రోజుకింత చొప్పున కుడికి జరుగుతూ పోతుంది. చలి ముదిరిన రోజుల్లో ఒకచోటికి వచ్చి కదలకుండా నిలుస్తుంది. అక్కడ తాత ఎర్రటి జాజుమట్టితో గీసిన నిలువు గీత ఉంది. నాలుగైదు రోజులు వెలుగు ఆ గీత మీదే ఉంటుంది. ఆ తరవాత ఒకనాటి ఉదయం గీతను వదిలి, నూలుపోగంత ఎడంతో వెనక్కి మళ్లుతుంది.

వెలుగు నిలిచిన ఆ రోజుల్ని వాళ్లు "పొద్దు కూసున్నది" అనేవారు. ఆ రోజుల్లో వాళ్లింట మగ్గం ఆడదు. అడ్డపోగును నడిపే నాడెను బయటికి తీసి, పసుపు రాసి, గీత కింద పెట్టి నువ్వులనూనె దీపం వెలిగిస్తారు. సజ్జరొట్టెలూ నువ్వులపొడీ నైవేద్యం. వెలుగు వెనక్కి మళ్లిన ఉదయాన "పొద్దు మర్లింది" అని ఇంటి పెద్ద పైకి చెప్పాలి. అప్పుడు పసుపునీళ్లలో ముంచిన పోగుతో మగ్గం మీద మొదటి పేక, అంటే అడ్డపోగు, వేస్తారు. అందుకే ఆయన ఏడాదికి నేసిన చీరల్లో ఒక్కదాని కొంగు మొదట ఒక్క పసుపు పోగు ఉంటుంది. అది ఎవరికి పోతుందో ఆయన ఎవరికీ చెప్పేవాడు కాదు.

ఒకసారి మా ఊరి దొరసాని పండుగ చీర తొందరగా కావాలని మనిషిని పంపింది. సరిగ్గా ఆ రోజుల్లోనే. వచ్చినవాడు గుమ్మంలో నిలబడి గద్దించాడు. "దొరసాని చీర అడిగితె కాళ్లు చాపుకొని కూసుంటివి, ఏం సంగతి?" భిక్షమయ్యగారు లేవలేదు. "పొద్దే కూసున్నది గదా తమ్మీ. దాని మీద లేని జోరు నా మీదెందుకు?" అన్నాడు. ఇది జరిగింది దొర పేరు వింటేనే మనుషులు గోడవార ఒదిగి నడిచిన కాలంలో. పంపినవాడు పోయి ఏం చెప్పాడో తెలియదు గానీ, దొరసాని ఆ చీర కోసం ఎదురుచూసింది.

ఇక మా పంచాంగం సంగతి. మాకు ఉత్తరాయణం మకరసంక్రాంతితో మొదలవుతుంది. ఆకాశంలో సూర్యుడు వెనుదిరిగేది దానికి ఇరవైమూడు రోజుల ముందే. పూర్వం ఒకానొక కాలంలో ఈ రెండూ ఒకే రోజున పడేవట. శతాబ్దాలు గడిచేకొద్దీ ఆకాశం జరిగింది, మా లెక్క జరగలేదు. ఇది ఇవాళ నాకు తెలుసు. అప్పుడు తెలియదు, తెలిసినా ఒప్పుకొని ఉండేవాణ్ణి కాను. ఇరవై రెండేళ్ల వయసు, అప్పుడే సంస్కృత పాఠశాల నుంచి వచ్చిన మిడిసిపాటు, మా నాయన అప్పగించిన పౌరోహిత్యం. కళ్లు నెత్తికెక్కడానికి ఇంతకంటే ఏం కావాలి?

హైదరాబాదు రాష్ట్రం ఇంకా వేరుగా ఉన్న రోజులవి. భిక్షమయ్యగారి తల్లి నర్సమ్మ ఆ చలికాలం మంచం పట్టింది. కొడుకులిద్దరూ ఆమెను అవ్వ అనే పిలిచేవారు. పెద్దవాడు రాజయ్య, చిన్నవాడు భిక్షమయ్య, అప్పటికి ఉమ్మడి కాపురం. అవ్వకు కళ్లకు పొరలు కమ్మి చూపు పోయి చాలా ఏళ్లయింది. ఉత్తరాయణంలో పోయినవాళ్లకు మళ్లీ పుట్టుక లేదని ఏ హరికథలోనో విని, ఆ మాటను గట్టిగా పట్టుకుంది. ఊపిరి అందక ఎగపోస్తూ కూడా రోజూ తెల్లవారగానే చిన్నకొడుకును అడిగేది.

"మర్లిందా బిడ్డా పొద్దు?"

"ఇంక లేదే అవ్వా. కూసున్నది."

"అయితె నేను గూడ ఉంట."

వెలుగు గీతను వదిలిన మొదటి రోజు ఆయన ఆమెకు చెప్పలేదు. మరునాడూ చెప్పలేదు. ఈ సంగతి తరవాత ఆయన భార్య రాములమ్మ నాతో అన్నది. తొందరపడి చెబితే అవ్వకు అన్యాయం జరుగుతుందని, కంటికి స్పష్టంగా ఎడం కనిపించేదాకా ఆగాడట. పుష్యశుద్ధ చవితి ఉదయాన మంచం దగ్గరికి వచ్చి చెప్పాడు.

"మర్లిందే అవ్వా. గీత ఇడిసింది. నా కండ్లతోని చూసిన."

"ఒట్టు?"

"నీ మీద ఒట్టు."

ఆమె తనివిగా రెండు గుక్కల నీళ్లు తాగింది. మధ్యాహ్నానికి ప్రాణం పోయింది. ఆమెకు భయం లేకుండా పోయిందని రాములమ్మ చెప్పింది. ముఖం కడిగిన పళ్లెంలా ఉందట.

తల్లికి తలకొరివి చిన్నకొడుకుది. పొద్దువాలక ముందే వాగు ఒడ్డున భిక్షమయ్యగారు తడిబట్టలతో నా ఎదుట కూచున్నాడు. నేను సంకల్పం చెబుతూ పోయాను, ఆయన నా వెంట పలుకుతూ వచ్చాడు. దేశం చెప్పాను, సంవత్సరం చెప్పాను, "దక్షిణాయనే" అన్నాను. ఆయన ఆగిపోయాడు. వినిపించలేదనుకున్నాను. ఇంకా గట్టిగా, వాగు అవతలికి వినిపించేలా, "దక్షిణాయనే" అన్నాను. ఆయన నా ముఖంలోకి చూశాడు. ఆ చూపులో కోపం లేదు. జ్వరం వచ్చిన పిల్లవాడు తల్లిని చూసే చూపు. మూడోసారి అన్నప్పుడు ఆయన ఆ మాట పలికాడు. తన తల్లికి తాను చెప్పినమాట అబద్ధమని, తన నోటితో, ఆమె శవం ముందు పలికాడు. పలికించింది నేను.

పెద్దవాడు రాజయ్య పక్కనే ఉన్నాడు. "ఓ పంతులూ, గిప్పుడు దక్షిణాయనమేనా?"

"మరి కాదా? సంక్రాంతికి ఇంకా పద్నాలుగు రోజులుంది. ఈలోపు ఉత్తరాయణం ఎక్కణ్ణుంచి వస్తుంది?" అన్నాను. అని ఊరుకోలేదు, కొంచెం నవ్వాను కూడా.

రాజయ్య తమ్ముడి వైపు తిరిగాడు. "అవ్వ ఉంటుండెరా. పద్నాలుగు దినాలు పానం పట్టుకొని ఉంటుండె. అబద్ధం చెప్పి తోలిచ్చినవు గదరా!"

భిక్షమయ్యగారు చేతిలోని దర్భ వంక చూస్తూ కూచున్నాడు. నెల తిరక్కుండా వాకిట్లో అడ్డగోడ లేచింది. గోడకు అటు రాజయ్య, ఇటు భిక్షమయ్య. మగ్గం చప్పుళ్లు గోడ దాటి వినిపించేవి, మాటలు దాటలేదు. ఊళ్లో ఎవరింట ముసలివాళ్లు మంచాన పడ్డా ఆయన్ని ఆ గడప తొక్కనిచ్చేవారు కాదు. ఆయన ఎదురైతే కొందరు ముసలమ్మలు కొంగు ముఖానికి అడ్డం పెట్టుకొని పక్కకు తప్పుకునేవారు. ఆయన నేసిన చీర అడ్డం పెట్టుకొనే.

మూడేళ్ల తరవాత ఒక ఉదయం ఆయన మా ఇంటికి వచ్చాడు. అరుగు మీద కూడా కూచోలేదు. నడుముకు చుట్టుకున్న నూలుపోగును విప్పి నా ముందు పరిచాడు. దాని నిండా ముడులు.

"గీ పెద్ద ముడి మా తాత గీసిన గీత. గీడ పొద్దు నిలబడ్డది. గీడికెల్లి మర్లింది. మూడేండ్లు కొలిసిన. మూడేండ్లు గిట్లనే. నీ పుస్తకంల ఏమున్నదో జర చదివి చెప్పు."

నేను పంచాంగం తెరవలేదు. రేపు రమ్మన్నాను.

"నువ్వే రా పంతులూ. గోడ నీ ఇంటికి రాదు గదా" అని నవ్వాడు. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. "తప్పు నాదైతె నా నెత్తిన పెట్టుకుంట. గని నేను చూసింది చూడలేదని మాత్రం అనకు."

ఆయన తప్పని నిరూపించడానికే వెళ్లాను. ఆ చలికాలం నలభై రోజుల పైన, తెల్లవారేసరికి వాళ్లింట ఉన్నాను. నన్ను పీట వేసి కూచోబెట్టలేదాయన. వెలుగును ఎప్పుడూ ఒకేచోట నుంచి చూడాలని తన గుంటలోకి దించి, తన పలక మీద కూచోబెట్టాడు. ఇంటికి వెళితే, నేను స్నానం చేస్తే గానీ మా అమ్మ లోపలికి రానిచ్చేది కాదు. బావినీళ్లు నెత్తిన పోసుకుంటూ వణుకుతూ కూడా నేను ఆ గోడ గురించే ఆలోచించేవాణ్ణి. తొందరపడి "కదిలింది, కదిలింది" అంటే ఆయన నా మోకాలి మీద తట్టేవాడు. "నువ్వు ఆగమైతె పొద్దు ఆగం గాదు. నిమ్మళంగ చూడు" అనేవాడు. ఆ నలభై రోజుల్లో నేర్చుకున్నంత నేను పాఠశాలలో ఏడేళ్లు నేర్చుకోలేదు. ఆ రోజుల్లోనే ఆయన్ని "మీరు" అనడం మొదలుపెట్టాను. "గిదేంది పంతులూ, పరాయోన్ని చేస్తున్నవు?" అని ఆయన వింతపడ్డాడు.

వెలుగు గీతను వదిలిన ఉదయం నేను కళ్లారా చూశాను. ఒక్క నూలుపోగంత. మరునాడు ఇంకొంచెం. పంచాంగంలో ఉత్తరాయణానికి ఇంకా పందొమ్మిది రోజులుంది. భిక్షమయ్యగారు నా వైపు చూడలేదు. తల్లి పడుకున్న నులకమంచం ఇంకా ఆ మూలనే ఉంది, దాని మీద ఎవరూ పడుకోరు. ఆయన ఆ మంచం వైపు తిరిగి, ఎవరో అడిగినదానికి జవాబిస్తున్నట్టు, మామూలు గొంతుతో అన్నాడు.

"మర్లిందే అవ్వా. పంతులు గూడ చూసిండు."

ఎవరితో మాట్లాడుతున్నాడని రాములమ్మ వైపు చూశాను. ఆమె పొయ్యి ముందు నుంచి లేవకుండా చెప్పింది. "అవ్వ రోజు అడుగుతదట. గీ దినాలల్లనే. సంకురాత్రి దాక అడిగి ఊకుంటదట." మగ్గం ఆడుతుంటే ఆ చప్పుడులో ఇంకా స్పష్టంగా వినిపిస్తుందని, అవ్వ పోయిన నాటి నుంచి ఆ ఇరవైమూడు రోజులూ ఆయన నాడె ముట్టడం మానేశాడట. నాలుగైదు రోజుల ఆచారం అలా ఇరవైమూడు రోజుల మౌనమైంది.

వెళ్లబోతుండగా ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "నాకేం వద్దు పంతులూ. మా అన్నకు జర చెప్పు. అవ్వను నేను మోసం చెయ్యలేదని ఒక్క మాట చెప్పు. నేను చెప్తె నమ్మడు. నువ్వు చెప్తె నమ్ముతడు."

చెబుతానన్నాను. దేవుడి సాక్షిగా చెప్పాలనే అనుకున్నాను. రాజయ్య రోజూ నా బడి ముందు నుంచే నూలు మూటతో పోయేవాడు, నమస్కారం పెట్టేవాడు. నేను ప్రతినమస్కారం చేసేవాణ్ణి. పంచాంగం తప్పని పురోహితుడి నోటితో ఒకచోట ఒప్పుకుంటే రేపు పెళ్లి ముహూర్తాలడిగేవాళ్లు ఏమంటారు? మా నాయన ఏమంటాడు? సంక్రాంతి పోనీ అనుకున్నాను. తరవాత ఉగాది పోనీ అనుకున్నాను. ఏటికేడు భిక్షమయ్యగారు అడిగేవాడు. "అన్నతోని మాట్లాడినవా?" "సందు దొరకలేదు" అనేవాణ్ణి. రాజయ్య ఇంటికీ మా ఇంటికీ మధ్య వంద గజాలు లేవు. కొన్నేళ్లకు ఆయన అడగడం మానేశాడు. నా మీద కోపం మాత్రం ఎప్పుడూ పెట్టుకోలేదు. పెట్టుకొని ఉంటే నాకు తేలికగా ఉండేది.

కల్వకుర్తి అవతల ఒక చేలో పూర్వకాలపు నిలువురాళ్లున్నాయని ఎవరో సంతలో చెబితే, పోయి చూద్దామని ఒకసారి భిక్షమయ్యగారు పట్టుబట్టాడు. బస్సు దిగి చాలాదూరం నడిచాం. ఏనుగుల్లా నల్లటి బండలు, ఎవరు నిలిపారో ఎందుకు నిలిపారో తెలియదు. అక్కడ బర్రెలు కాస్తున్న ఒక పెద్దామెను భిక్షమయ్యగారు అడిగాడు. ఆమె పని ఆపకుండానే చెప్పింది. "పొద్దుగాల గా పెద్దరాయి నీడ గీ చిన్నరాయి మొదట్ల పడ్డదంటె పొద్దు మర్లినట్టే. మా తాతల తాతలు గిట్లనే చూసిన్రు." భిక్షమయ్యగారు ఆ చిన్నరాయి దగ్గర కూలబడిపోయాడు. చాలాసేపు లేవలేదు. "గింతమంది చూసిన్రు పంతులూ. గింతమంది చూసిన్రు" అంటూ ఏడ్చాడు. ఆయన ఏడవగా నేను చూసింది ఆ ఒక్కసారే. ఆ పెద్దామె భయపడి, ఆయనకు ఏమైనా పాము కుట్టిందా అని నన్ను అడిగింది.

ఇంకొక సంగతి చెప్పకుండా ఉండలేను. తల్లి సంవత్సరికం ఏటా పుష్యశుద్ధ చవితినాడు నేనే చేయించేవాణ్ణి. చాంద్రమానపు తిథి సూర్యుడితో కలిసి నడవదు కదా, అధికమాసం తరవాత వచ్చిన ఒక ఏడు ఆ చవితి సంక్రాంతి దాటాక పడింది. పంచాంగం ప్రకారమే నేను "ఉత్తరాయణే" అన్నాను. ఆయన చెయ్యి నీళ్లు వదలబోయి ఆగింది. "పోయినేడు దక్షిణాయనమంటివి. గిప్పుడు ఉత్తరాయణమంటున్నవు. అదే అవ్వ. అదే చవితి."

"తిథి ముందుకు జరిగింది" అన్నాను.

"అయితె అవ్వకు దారి ఒకయేడు తెరుస్తరు, ఒకయేడు మూస్తరు. మీ పుస్తకపోళ్లకు జర కనికరం లేదు పంతులూ."

ఆ రోజు మా ఇంట్లో విస్తరి ముందు నుంచి తినకుండా లేచాను. ఆ మరుసటేడు తిథి మళ్లీ వెనక్కి వచ్చింది. "దక్షిణాయనే" అని నేను పలకలేక గొణిగాను. ఆయన మాత్రం స్పష్టంగా, గట్టిగా పలికాడు. నన్ను ఇబ్బంది పెట్టడం ఇష్టం లేక పలికాడని నాకు తెలుసు.

సాగర్ కాలువ నీళ్లు హాలియా దాకా వచ్చాయని జనం తండోపతండాలుగా చూడబోతున్న ఈ మధ్యకాలంలో ఆయనకు దగ్గు పట్టుకుంది. నల్లగొండ దవాఖానలో పదిరోజులుంచి పంపేశారు. పుట్టినప్పటి నుంచి పత్తిధూళి పీల్చిన ఊపిరితిత్తులు, ఇక చేసేదేం లేదన్నారు. ఈసారి గుంటలోకి దిగలేకపోయాడు. నన్ను దింపాడు. తాను తల్లి మంచం మీద పడుకొని, అక్కడి నుంచి గోడ కనిపించక, రోజూ నన్ను అడిగేవాడు.

"మర్లిందా పంతులూ?"

అది అవ్వ అడిగిన ప్రశ్న. మర్లిన రోజున మర్లిందని చెప్పాను. ఒట్టు వేయమని ఆయన అడగలేదు. మీకు సంకల్పంలో ఏం చెప్పమంటారని అడిగాను. తల అడ్డంగా ఊపాడు.

"నాదేమున్నది పంతులూ, ఏదంటె అదే. మా అన్నకు చెప్పు. ఎన్నేండ్లకెల్లి అడుగుతున్న."

ఈసారి తప్పకుండా చెబుతానన్నాను. సరిగ్గా గోడ అవతల రాజయ్య దగ్గుతున్న చప్పుడు మా ఇద్దరికీ వినిపిస్తూనే ఉంది. అప్పుడే లేచి నాలుగడుగులు వేసి ఉంటే సరిపోయేది. బడికి వేళైందని వెళ్లిపోయాను. మరునాడు ఆదివారం, వెళదామనుకున్నాను. వెళ్లలేదు. సోమవారం మనిషి వచ్చి బడి గుమ్మంలో నిలబడ్డాడు.

భిక్షమయ్యగారికి సంతానం లేదు. కొరివి పెట్టవలసిన అన్నకొడుకు భీవండి మిల్లులో ఉన్నాడు, తంతి అంది బయలుదేరినా రెండు రోజులు పడుతుంది. ఎవరు కూచుంటారని అందరూ తర్జనభర్జన పడుతుంటే, అడ్డగోడ చుట్టూ తిరిగి రాజయ్య వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి. "నేను గాక ఎవరు కూసుంటరు?" అని తడిబట్టలతో వచ్చి నా ఎదుట కూచున్నాడు.

అదే వాగు. సంకల్పం మొదలుపెట్టాను. నా గొంతు నాకే దూరంగా వినిపిస్తోంది. దేశం చెప్పాను, సంవత్సరం చెప్పాను. ఆపైన మాట దగ్గర నా నాలుక ఆగింది. మా నాయన పోయి మూడేళ్లయింది, ఊళ్లో ముహూర్తాలడిగేవాళ్లు ఇంకా ఉన్నారు, చుట్టూ అరవై మంది నిలబడి ఉన్నారు. "ఉత్తరాయణే" అన్నాను.

రాజయ్య పలకలేదు. "పంతులూ, సంకురాత్రి ఇంక రాలే గదా?"

"రాలేదు రాజయ్యగారూ. కానీ పొద్దు మర్లింది. నేను చూశాను. ఆనాడు అవ్వ పోయినప్పుడు కూడా మర్లే ఉంది. మీ తమ్ముడు అబద్ధం చెప్పలేదు. నేను తెలియక అన్నాను, తెలిశాక దాచాను."

రాజయ్య నా ముఖం వైపు చూశాడు. నేను ఆయన అరుస్తాడనుకున్నాను, కొడతాడని కూడా అనుకున్నాను, కొట్టినా బాగుండేది. ఆయన చాలా మెల్లగా అడిగాడు.

"ఎన్నడు తెలిసింది నీకు?"

"పన్నెండేళ్లయింది."

"పన్నెండేండ్లు" అన్నాడాయన. తమ్ముడి వైపు చూశాడు. "గోడ అవతల దగ్గుతుండె పంతులూ. రెండు నెలలు దగ్గిండు. నేను ఇంటనే ఉన్న. మంచినీళ్లన్న ఇచ్చి రాకపోతి. జర ముందు చెప్తె ఏం పోతుండె నీకు?"

ఆయన మళ్లీ నన్నేమీ అడగలేదు. "ఉత్తరాయణే" అని స్పష్టంగా పలికి, మిగిలిన తంతు అంతా నా వెంట పలికాడు. తమ్ముడి పాదాల దగ్గరికి వచ్చినప్పుడు, పెద్దవాడు చిన్నవాడికి మొక్కకూడదన్నది మరిచిపోయి రెండు చేతులూ ఆ పాదాల మీద పెట్టి, చాలాసేపు తీయలేదు. పక్కనున్నవాళ్లు లేవదీయవలసి వచ్చింది.

ఇంతటి సూక్ష్మదృష్టి, ఇంతటి సత్యనిష్ఠ, ఇంతటి క్షమ ఒక్క మనిషిలో నేను మళ్లీ చూడబోను. ఆయన నాకు గురువు. గురుదక్షిణగా ఆయన అడిగింది ఒక్క మాట, అదీ వంద గజాల దూరంలో ఉన్న మనిషికి చెప్పవలసిన మాట. బతికుండగా అది నేను ఇవ్వలేదు. వాగు ఒడ్డున అరవై మంది విన్నారు. ఆ నింద అరవై ఊళ్లలో ఉంది. అందుకే అచ్చులో పెడుతున్నాను. భిక్షమయ్యగారు తల్లికి అబద్ధం చెప్పలేదు. ఆమె ఉత్తరాయణంలోనే వెళ్లింది. ఆనాడు మంత్రం చెప్పిన పురోహితుణ్ణి నేనే, ఈ మాట నా చేత్తో రాస్తున్నాను. ఇది చదివి వినిపిద్దామంటే ఆయన లేడు.